చెవులు మూసుకుని పాడిన పాట

తలుపు చప్పుడైతే పంకజాక్షి ముందు తల్లి మంచం వైపు చూసేది. ఆ తరవాతే తలుపు వైపు.

తల్లి నాగులమ్మకు కుడి పక్క పడిపోయింది. మాట కూడా పోయింది. ఎడమ చెయ్యి కదులుతుంది, కళ్ళు కదులుతాయి, అంతే. పక్షవాతం మొదటిసారి వచ్చింది పుత్తూరులో ఇల్లు ఖాళీ చేయించినప్పుడు. మాట పోయింది చంద్రగిరి నుంచి తిరుపతికి ఎద్దుల బండిలో వస్తుండగా. చక్రం రాయెక్కి దిగినప్పుడల్లా "అమ్మా" అంటూ వచ్చిన మనిషి దారిలో ఒకచోట అనడం మానేసింది. అలిసిపోయి నిద్రపోయిందనుకుంది పంకజాక్షి. బండి నుంచి దించేటప్పుడు గాని తెలియలేదు. వైద్యుడు నాడి చూసి, "ఈమెను ఇంక కదిలించొద్దు. ఇంకొక్కసారి బండెక్కించినారంటే మనిషి దక్కదు" అని చెప్పి వెళ్ళాడు.

అందుకని ఈ ఇల్లు పోకూడదు. పంకజాక్షి బతుకులో అప్పటికి ఉన్న భయాలన్నీ ఈ ఒక్క భయంలోకి వచ్చి చేరాయి.

ఇల్లు గోవిందరాజస్వామి గుడి వెనక సందులో, వరసగా కట్టిన వాటాల్లో చివరిది. ఒక గది, వంటకు చిన్న వసారా, వెనక పెరడు. పక్క వాటాలో సుబ్బులమ్మ. అప్పడాలు చేసి అంగళ్ళకు వేస్తుంది, నోరు ఊరుకోదు. సందు మొదట్లో ఉన్న పెద్ద ఇల్లు వాటాల యజమానురాలు తిరుమలమ్మది. అరవై దాటిన మనిషి. భర్త ఉన్నాడు. ముఖాన పెద్ద బొట్టు. మడి కట్టుకుంటే పిల్లి అడ్డమొచ్చినా మళ్ళీ స్నానం చేస్తుందని సందులో చెప్పుకుంటారు.

ఇల్లు అడగడానికి పోయినప్పుడు తిరుమలమ్మ గడపకు అవతలే నిలబెట్టి మాట్లాడింది.

"యా ఊరు మీది?"

"వేలూరు పక్కమ్మా" అన్నాడు పంకజాక్షి తమ్ముడు చిన్నబ్బ.

"మీ అక్క మొగుడు యాడ?"

"మిలిటరీలో చేరి మలేయా పోయినాడు. యుద్ధం అయిపోయినా కబురు లేదు."

తిరుమలమ్మ పంకజాక్షి నొసటి బొట్టు వైపు చూసింది. "అయితే తీయబాకు. కబురు వచ్చేదాకా తీయబాకు" అని తాళంచెవి ఇచ్చింది.

పంకజాక్షి బొట్టు ఎప్పటికీ తీయనక్కరలేనిది. వాళ్ళది కార్వేటినగరంలో గుడి పనికి ఉన్న ఇల్లు. దేవుడి ముందు ఆడే పని, పాడే పని. చిన్నప్పుడే ఆమెకు దేవుడి పేర తాళి కట్టారు. దేవుడికి చావు లేదు గనక ఆమె ముత్తయిదువతనానికి అంతం లేదు. ఈ నమ్మకంతోనే పెద్దింటి పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురి తాళికి నల్లపూసలు గుచ్చడానికి నాగులమ్మను పిలిచేవారు. ఆమె పాట పాడుతూ పూసలు గుచ్చి, తాంబూలం తీసుకుని వచ్చేది. నిత్యసుమంగళి చేతి పూసలైతే ఆ పిల్లకు పసుపు కుంకుమలు నిలుస్తాయని. తరవాత చట్టం వచ్చింది. చట్టం గుడి పని తీసేసింది. పేరు తీసేయలేదు. ఆ పేరు ఎక్కడ తెలిసినా ఇల్లు దొరకలేదు, దొరికిన ఇల్లు ఉండలేదు.

చంద్రగిరిలో పట్టించింది గొట్టువాద్యం. వీణలాగే ఉంటుంది గాని మెట్లుండవు. కుడిచేత్తో మీటుతూ, ఎడమచేత్తో నున్నటి ముక్కనొకదాన్ని తంతుల మీద జారుస్తూ వాయించాలి. కిటికీలోంచి ఎవరో చూశారు. మొగుడు యుద్ధంలో పోయిన ఆడదానికి ఇదెక్కడి వాద్యమని మొదలైంది. బండి మాట్లాడుకున్న నాటి ఉదయం పంకజాక్షి దాన్ని గొడ్డలితో చీల్చి తల్లికి స్నానానికి నీళ్ళు కాచింది. ఎండిన పనస కర్ర, బాగా మండింది. తంతుల మీద జార్చే ముక్కను మాత్రం పొయ్యిలో వేయలేకపోయింది. అది అడవి దున్న కొమ్ముతో చేసింది. తల్లి చేతి నుంచి ఆమె చేతికి వచ్చింది. దాన్ని పోపుల పెట్టెలో మెంతుల కింద పెట్టి తిరుపతికి తెచ్చుకుంది.

చిన్నబ్బ తిరుపతిలో మైకుసెట్లు అద్దెకిచ్చే అంగట్లో చేరాడు. పెళ్ళి పందిళ్ళకు, సభలకు బాకా స్పీకర్లు కట్టడం, వాల్వులు మార్చడం అతని పని. ఒక సాయంత్రం గోనెసంచిలో చుట్టి ఏదో తెచ్చి చాప మీద పెట్టాడు.

పంకజాక్షి సంచి తీసి చూసింది. "ఇదేందిరా? చపాతీ పలకకు తంతులు బిగిచ్చినట్టుండాది."

"గిటారక్కా. కరెంటు గిటారు. రేణిగుంట రైల్వే కాలనీలో ఒక దొర ఇచ్చి పోయినాడు. వాళ్ళు ఇంగ్లీషు సీమకు పోతా ఉండారంట. మా అంగట్లో మూల పడుండాది, ఎవురూ కొనరు. సప్పుడే రాదంటారు."

"సప్పుడు రానిదాన్ని నేనేం చేసుకోను? రొట్టెలు రుద్దుకునేదా?"

"సప్పుడు రాదనే తెచ్చినా."

అతను ఒక తంతి మీటాడు. తెల్లారి చెవి దగ్గర దోమ తిరిగినంత చప్పుడు. లోపల గుల్ల లేదు, గట్టి చెక్క. తంతుల కింద అయస్కాంతం ఒకటి ఉంది. చప్పుడంతా దాంట్లోంచి తీగ ద్వారా పెట్టెలోకి పోయి, వాల్వుల్లో పెరిగి బయటికి రావాలి. దీన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని ఇనుప ముక్క జార్చి వాయిస్తారని దొర చూపించాడట.

"జార్చి?" అంది పంకజాక్షి.

"ఊ. అందుకే నువ్వు గుర్తొచ్చినావు."

"వద్దురా. తీసకపో. ఒకసారి అయింది సాలదా?"

అతను తీసుకుపోలేదు. అది గోడకు ఆనుకునే ఉంది. వంట చేస్తున్నా, తల్లిని ఒత్తిగిలిస్తున్నా ఆమెకు అది కనపడుతూనే ఉంది. ఒకరోజు పోపు వేస్తూ మెంతుల గిన్నె తీసినప్పుడు కొమ్ము ముక్క చేతికి తగిలింది. దాన్ని చెంగుకు తుడుచుకుని వచ్చి గిటారు ముందు కూర్చుంది. ఆరు తంతులు. చెవి దగ్గర పెట్టుకుని వింటూ వాటిని షడ్జ పంచమాలకు తిప్పుకుంది. ఎంత మెల్లగా జార్చినా తేనెటీగ గాజు బుడ్డిలో పడ్డట్టే ఉంది తప్ప స్వరమనిపించలేదు.

చిన్నబ్బ అంగట్లో మూలన పడిన ఆంప్లిఫయరు బాగు చేసి తెచ్చాడు. మొదట చిన్న స్పీకరు పెట్టాడు. చప్పుడు తగ్గించే బిరడ తక్కువ తిప్పితే స్వరం ఎండిపోయినట్టుంది, మీటు మాత్రం వినపడి జారు వినపడలేదు.

"వాల్వు మేలుకోవాలక్కా. కొంచెమన్నా ఎక్కువ తిప్పాల" అని అతను తిప్పాడు.

ఆ మీటుకు గది నిండిపోయింది. నిండు స్వరం, తల్లి గొంతులాంటిది. పంకజాక్షి అది విని సంతోషించే లోపలే పరుగున పోయి ప్లగ్గు పీకేసింది. నాగులమ్మ కళ్ళు పెద్దవి చేసి తలుపు వైపు చూస్తోంది.

గోడ అవతల నుంచి సుబ్బులమ్మ గొంతు. "ఏమ్మే పంకజా, ఇంట్లో దూడను కట్టేసినారా?"

"మా తమ్ముడు మైకు రిపేరీ చేస్తా ఉండాడక్కా!"

"చేయమను చేయమను. నా చేతిలో పిండి ఎగిరి కింద పడింది. అప్పడాలకు బదులు బొబ్బట్లు అయినాయి!"

ఆ రాత్రి పంకజాక్షికి నిద్ర లేదు. ఎవరైనా దారిన పోతుంటే అడుగులు ఈ గుమ్మం దగ్గర ఆగుతాయేమోనని వింటూ పడుకుంది. అయినా తెల్లారి చిన్నబ్బ అంగడికి పోతుంటే ఆమే అడిగింది. "స్వరం అట్లనే ఉండాల. సప్పుడు మాత్రం ఉండకూడదు. అయితాదా?"

స్పీకరును వడ్ల కాగులో దించి పైన బొంతలు కప్పి చూశారు. బావిలో పడ్డ మనిషి పిలిచినట్టుంది. పరుపుల మధ్య పెట్టి చూశారు, అదీ అంతే. చివరికి చిన్నబ్బ పని మీద మద్రాసు పోయినప్పుడు పాత సామాన్లమ్మే చోట మిలిటరీ చెవి ఫోన్లు తెచ్చాడు. యుద్ధంలో వైర్‌లెస్ వాళ్ళు పెట్టుకునేవి. చుట్టూ మందంగా రబ్బరు. పెట్టుకుంటే బయట పిడుగు పడ్డా తెలియదు.

"బిరడ బాగా తిప్పేస్తాను. వాల్వుకు ఎంత బలముందో అంతా పలకతాది" అని చెప్పాడు. "స్పీకరుకు పోవాల్సిందంతా ఈ కరెంటు పొయ్యి తీగచుట్టలోకి వదిలేస్తా. సప్పుడు కాకుండా ఒట్టి వేడైపోతాది. దాంట్లో రవ్వంత మాత్రం నీ చెవికి. కొళాయి పూర్తిగా తిప్పి, నీళ్ళన్నీ కాలవలోకి వదిలి, మనం ఒక్క చెంబు పట్టుకునేట్టు."

"తీగ ముట్టుకుంటే?"

"ముట్టుకోబాకు. తడి చేత్తో అసలే ముట్టుకోబాకు."

ఆమె చేతులు ఒకటికి రెండుసార్లు తుడుచుకుని కూర్చుంది. చెవి ఫోన్లు పెట్టుకుంది. దొర ఇచ్చిన ఇనుప ముక్క జార్చింది. పళ్ళెం మీద గరిటె గీసినట్టు ఉంది. దాన్ని పక్కన పెట్టి కొమ్ము ముక్క అందుకుంది. షడ్జం నుంచి పంచమానికి ఒక్క జారు.

అంత దగ్గరగా స్వరాన్ని ఆమె ఎప్పుడూ వినలేదు. గొట్టువాద్యంలో అది ముందు నుంచి వచ్చేది. ఇది తల లోపల మొదలై లోపలే ఆగుతోంది. పోపుల పెట్టెలో ఉన్నన్నాళ్ళు ఎండిన కొమ్ము ముక్క అంచు గరుకైంది. కొబ్బరి నూనె రాసి మళ్ళీ జార్చింది. ఈసారి అసలు మొదలెక్కడో తెలియకుండా వచ్చింది. ఆమె ఫోన్లు తీసి తల్లి వైపు చూసింది. నాగులమ్మకు ఏమీ వినపడలేదు. కొమ్ము ముక్కనే చూస్తోంది.

చిన్నబ్బ సందులోకి పోయి గోడకు చెవి పెట్టి వచ్చాడు. "నువ్వు వాయించినావా లేదా?"

"సరళులు వాయించినా గదరా."

"ఏమీ వినపడలా. సుబ్బులక్క దగ్గింది మాత్రం వినపడింది."

ఆ రోజు వాయించింది మాటలు లేని సరళీ స్వరాలే. అది తరవాత ఇద్దరికీ గుర్తొచ్చింది.

ఇక మధ్యాహ్నాలు ఆమెవయ్యాయి. మగవాళ్ళు పనులకు పోయాక, ఆడవాళ్ళు భోజనాలు చేసి నడుం వాల్చాక, తలుపు గడియ పెట్టి తల్లి మంచం పక్కన కూర్చునేది. చెవులు మూసుకోగానే సందు పోయేది, గడియ పోయేది. స్వరాల నుంచి కీర్తనలకు వచ్చింది. కీర్తనల నుంచి తల్లి నేర్పిన పదాలకు వచ్చింది. బయట సంసారులు పాడనివి, వాళ్ళ ఇళ్ళల్లోనే తల్లి నుంచి కూతురికి వచ్చేవి. చిన్నప్పుడు నేర్పేటప్పుడు నాగులమ్మ ఒకటే చెప్పేది. "తంతి మీద చెయ్యి పెట్టేముందు గొంతులో రావాల. గొంతులో లేనిది తంతిలో రాదు." నోట్లో సాహిత్యం లేకుండా ఒక్క మీటు మీటితే చేతి మీద కొట్టేది.

పదాలు మొదలైనప్పటి నుంచి నాగులమ్మ ఎడమ చేత్తో మంచం పట్టె మీద కొట్టేది. పంకజాక్షికి చప్పుడు వినపడేది కాదు, చెయ్యి లేచి పడడం కనపడేది. తాళం వేస్తోందనుకుంది. కాని దెబ్బ తాళానికి కుదిరేది కాదు. కాలం తప్పి, ఎక్కడపడితే అక్కడ, గట్టిగా పడేది. చెయ్యి మిగిలింది గాని లెక్క పోయిందనుకునేది పంకజాక్షి. వాయించడం ఆపి, ఆ చేతిని తీసి తల్లి గుండెల మీద పెట్టి, నిమిరి, మళ్ళీ మొదలుపెట్టేది. చెయ్యి మళ్ళీ లేచేది.

ఒక ఉదయం కొళాయి దగ్గర సుబ్బులమ్మ బిందె పక్కకు పెట్టి మెల్లగా అంది. "మీ ఇంట్లో రేడియో ఉండాదామ్మే?"

"లేదక్కా. ఎందుకు?"

"మద్దేనం పూట ఒక ఆడమనిషి పాడతా ఉంటాది. ఒట్టి గొంతు. తంబూరా లేదు, మద్దెల లేదు. సగంలో ఆగిపోతాది, మళ్ళా అదే ముక్క. మళ్ళా అదే. నాకు నోటికొచ్చేసింది. అప్పడాలు ఒత్తేదానికి బాగుండాది, సేతికి ఊపొస్తాది." అని సుబ్బులమ్మ కొంగు నడుముకు దోపుకుని, చుట్టూ చూసి, సన్నగా పాడింది. "పొద్దు వాలె, తలుపు వేయకే..."

పంకజాక్షి బిందె సగం నిండకముందే ఎత్తుకుని వచ్చేసింది.

ఆ పదం ఆమె ముందురోజు వాయించినదే. గిటారు చప్పుడు బయటికి పోతోందనుకుంది. కాని సుబ్బులమ్మకు మాటలెట్లా తెలిశాయి? తంతికి మాటలుండవు గదా. ఆ సంగతి ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు, అంతుపట్టని కొద్దీ భయమెక్కువైంది. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన చిన్నబ్బను నిలబెట్టి, "బయటికి పోయి వినరా. పదం వాయిస్తా" అంది.

అతను పోయాడు. ఆమె పల్లవి వాయించి అనుపల్లవికి వచ్చేసరికి తలుపు తోసుకుని వచ్చి, వచ్చినవాడు వచ్చినట్టే చెవుల మీద నుంచి ఫోన్లు లాగేశాడు.

ఒక గొంతు గదిలో మిగిలి ఉంది. "...వేయకే" అన్న మాట చివర. పంకజాక్షి నోరు ఇంకా తెరిచే ఉంది. ఆ గొంతు తనదే.

"అక్కా, నువ్వు పాడతా ఉండావు" అన్నాడు చిన్నబ్బ.  "గట్టిగా పాడతా ఉండావు. సందు మొదటి దాకా వినపడతా ఉండాది."

"నేనా?"

"చెవులు మూసుకున్నావు గదా. నీకెట్లా తెలస్తాది?"

పంకజాక్షి తల్లి వైపు తిరిగింది. నాగులమ్మ చెయ్యి పట్టె మీద ఉంది. వేళ్ళ కణుపులు కమిలి ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఆమె వేసింది తాళం కాదు, పాట ఆపమని కొట్టిన దెబ్బలు.

గిటారును గోనెసంచిలో చుట్టి మంచం కింద తోశారు. చిన్నబ్బ కొత్త ఇల్లు చూస్తానన్నాడు. "బండి ఎట్లా కట్టిస్తావురా?" అంది పంకజాక్షి.  ఆమె నీళ్ళకు అందరూ వచ్చి పోయాక వెళ్ళేది. ఎవరైనా నవ్వితే అది తనను చూసే అనుకునేది. పిల్లలు గోడ మీద బొగ్గుతో గీసిన గీతను కూడా తన గురించే ఏదో రాశారని దగ్గరికి పోయి చూసింది. కోడి బొమ్మ.

తలుపు చప్పుడైంది ఒక శుక్రవారం ఉదయం. తీస్తే తిరుమలమ్మ. తడి మడిబట్టతో, పక్కన ఎవరూ లేకుండా. ఆమె వాటాల్లోకి రావడం ఎవరూ చూడలేదు.

"తొలుగు" అంది. పంకజాక్షి గోడకు అతుక్కుని దారి ఇచ్చింది. తిరుమలమ్మ లోపలికి వచ్చి తలుపు తనే దగ్గరికి వేసింది.

"అమ్మా, మాయమ్మను ఇప్పుడు కదిలిస్తే..." అని మొదలుపెట్టింది పంకజాక్షి. 

తిరుమలమ్మ వినిపించుకోలేదు. మంచానికి మూరెడు దూరంలో ఆగి వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"నాగులమ్మా" అంది.

నాగులమ్మ కళ్ళు ఆమె ముఖం మీద ఆగాయి. ఈ ఇంట్లో ఎవరూ బయటికి చెప్పని పేరు అది.

తిరుమలమ్మ పైట లోపలి నుంచి నల్లపూసల దండ తీసి చేత్తో పట్టుకుంది. "ఇవి నువ్వు గుచ్చినవే. తెలస్తా ఉండాదా? దారం మార్చినా గాని పూసలు అవే." తరవాత పంకజాక్షితో, అటు తిరగకుండానే అంది. "మా పుట్టిల్లు కార్వేటినగరం. ఆ పదం పాడతా ఈమె నాకు పూసలు గుచ్చింది. ఇంకెవురి నోటా నేను వినలా. నువ్వు పాడిన మొదటి దినమే తెలిసింది నాకు."

"తెలిసి..."

"తెలిసే ఊరుకున్నా. మా మనవరాలికి పెండ్లి. పూసలు గుచ్చాల. ఈమె చెయ్యి చూస్తే ఇట్లుండాది. నువ్వు రావాల."

 వస్తానంటే తామెవరో ఒప్పుకున్నట్టు. రానంటే ఈ ఇల్లు ఏమవుతుందో తిరుమలమ్మ చెప్పలేదు, చెప్పనక్కరలేదు. పంకజాక్షి అలవాటు కొద్దీ నోటికొచ్చిన మాట అనేసింది. "మాయన మలేయాలో..."

"ఉండనీ" అంది తిరుమలమ్మ. "ఆయన ఆడనే ఉండనీ. ఈ సందులో అందురికీ ఆయన మలేయాలోనే ఉండాడు. నువ్వు మాత్రం పెరటి దోవన రా. మగపెండ్లివాళ్ళ కంటబడబాకు. పెండ్లయ్యే దాకా నోరు తెరవబాకు."

"పెండ్లయినాక?"

"పెండ్లి కానీ."

పెళ్ళినాడు పంకజాక్షి పెరటి తలుపు గుండా వెళ్ళింది. ధాన్యపు గదిలో చాప వేసి ఉంది. పళ్ళెంలో పసుపుతాడు, మంగళసూత్రాలు, నల్లపూసలు. ఇంటి ఆడవాళ్ళు నలుగురు చుట్టూ కూర్చున్నారు. వాళ్ళు ఆమె ముఖం చూడలేదు, చేతులు చూశారు. మొదటి పూస జారి పళ్ళెంలో పడింది. ఎవరో ఊపిరి బిగపట్టారు. పంకజాక్షి దాన్ని ఏరి మళ్ళీ దారానికెక్కించింది. ఈ పిల్లకు రేపు ఏదైనా జరిగితే ఆ మాట ఎవరి మీదికి వస్తుందో ఆమెకు తెలుసు.

బయట బాకా నుంచి, "హలో, హలో, మైక్ టెస్టింగ్" అని చిన్నబ్బ గొంతు వినపడింది. అతను ముందు వాకిట పందిట్లో ఉన్నాడు. అక్క వెనక గదిలో ఉన్నట్టు తెలియనట్టు పని చేసుకుంటున్నాడు.

"పాట లేకుండా గుచ్చుతారా యాడైనా?" అంది వాళ్ళల్లో ఒక ముసలామె.

తిరుమలమ్మ తలుపు సందు నుంచి మగపెళ్ళివాళ్ళ విడిది వైపు చూసింది. "లోపల పాడుకో" అంది పంకజాక్షితో. "గొంతు దాటకూడదు."

పంకజాక్షి పెదాలు బిగించింది. తల్లి నేర్పిన పదాన్ని గొంతు కిందనే మొదలుపెట్టింది. మొదటి రెండు పూసలకు ఎక్కడ బయటికి వస్తుందోనని భయపడింది. తరవాత పంటి వెనక అది నిలిచింది. పూసలు వరసగా ఎక్కాయి. చివరి ముడి ఒక్కసారికే పడింది.

తిరుమలమ్మ తాంబూలం పైనుంచి ఆమె కొంగులోకి వదిలింది. చెయ్యి తగలలేదు. పంకజాక్షి లేచి పెరటి తలుపు దగ్గరికి వచ్చాక తిరుమలమ్మ వెనక నుంచి అంది. "మీయమ్మను పొద్దున పూట రవ్వంతసేపు పెరట్లో ఎండకు పండబెట్టు. గదిలోనే పెడితే మనిషి నెమ్ము పట్టిపోతాది. నులక మంచం ఒకటి మా కొట్టంలో ఉండాది, మీ తమ్ముణ్ణి వచ్చి ఎత్తకపొమ్మను."

ఇల్లు గురించి తిరుమలమ్మ మాట్లాడింది అంతే, ఖాళీ చేయమనలేదు. పంకజాక్షి ఆ మాటలను ఇంటికి వచ్చేదాకా నోట్లోనే పెట్టుకుని వచ్చి తల్లికి చెప్పింది. పాట గురించి ఏమీ అనలేదు కూడా అని చెప్పింది. వద్దని అనలేదు. పాడుకోమనీ అనలేదు.

పెళ్ళివాళ్ళు వెళ్ళిపోయి సందు మళ్ళీ మామూలయ్యాక, ఒక మధ్యాహ్నం ఆమె మంచం కింద నుంచి గోనెసంచి లాగింది. గడియ రెండుసార్లు చూసింది. తాంబూలంలో మిగిలిన తమలపాకు ఒకటి మడిచి పళ్ళ మధ్య పెట్టుకుంది. నోరు తెరిస్తే ఆకు పడుతుంది, తెలుస్తుంది. ఫోన్లు పెట్టుకుని, కొమ్ము ముక్కకు నూనె రాసి, మొదలుపెట్టింది.

తల్లి చెయ్యి లేచింది. పంకజాక్షి నాలుకతో ఆకును తడిమి చూసుకుంది. ఆకు పళ్ళ మధ్యనే ఉంది. చెయ్యి పట్టె మీద మెత్తగా పడింది. మళ్ళీ లేచింది. కొమ్ము ముక్క ఎక్కడ ఆగుతుందో చూస్తూ, వినపడని పాటకు, నాగులమ్మ తాళం వేస్తోంది. ఒక్క దెబ్బ తప్పలేదు.

అంతలో గోడ అదిరింది. వీపు ఆనుకుని ఉంది గనక ఆమెకు తెలిసింది. ఒక చెవి మీద ఫోను ఎత్తింది.

"ఏమ్మే!" సుబ్బులమ్మ గోడ మీద అప్పడాల కర్రతో తడుతోంది. "ఆ పాటమ్మ యాడికి పాయ? శానా దినాలయింది, నా అప్పడాలు ఒకటీ గుండ్రంగా రావడంల్యా."

అది వెక్కిరింతో, అడగడమో పంకజాక్షికి తెలియలేదు. ఆ గొంతులో ఏమైనా ఉందేమోనని విన్నది. అవతల కర్ర పీట మీద దొర్లే చప్పుడు తప్ప ఏమీ లేదు. తలుపు గడియ వైపు చూసింది. తల్లి వైపు చూసింది. నాగులమ్మ చెయ్యి గాలిలోనే ఆగి ఉంది, తాళం మొదలయ్యే దెబ్బ కోసం.

పంకజాక్షి రెండో చెవిని మూసుకోలేదు. ఆకు తీసి పక్కన పెట్టింది. తన గొంతు తనకు వినపడేటంత, గోడ దాటితే దాటేటంత చిన్నగా ఎత్తుకుంది. కళ్ళు గడియ మీదే ఉన్నాయి.

చెయ్యి సరిగ్గా పడింది.